సిమ్యులేషన్ గ్రాఫు రికార్డులోకి ఎక్కితే ప్రయోగం జరిగినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థుల ల్యాబ్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఏటా తప్పనిసరిగా కనిపించే ఒక ప్రయోగం గురించీ, దాన్ని ఇప్పుడు చాలా కళాశాలల్లో జరిపిస్తున్న తీరు గురించీ మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు చెప్పదలచుకున్నాను. ఆ ప్రయోగం పేరు కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్, అంటే చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసే సర్క్యూట్. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, పన్నెండు వోల్టుల సప్లయి ఉంటే చాలు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) చదివి, దీన్ని బ్రెడ్‌బోర్డు (భాగాలను గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద కట్టకుండా బయటికి వచ్చినవారు ఒకప్పుడు ఉండేవారు కారు. నేను ఈ ల్యాబ్‌నే చూసుకుంటున్న అధ్యాపకుణ్ణి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వేరే కళాశాలలకు కూడా వెళ్తుంటాను.

అలా వెళ్లిన ఒక కళాశాలలో రికార్డులు తిరగేస్తే, ఒక బ్యాచ్ మొత్తానికి అప్పర్ కటాఫ్ ఫ్రీక్వెన్సీ (యాంప్లిఫయర్ బలం పడిపోయే పై హద్దు) దశాంశ స్థానాలతో సహా ఒకే అంకె కనిపించింది. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఆ ల్యాబ్ బల్లల మీదున్న ఫంక్షన్ జనరేటర్లు (సిగ్నల్ ఇచ్చే పరికరాలు) ఒక మెగాహెర్ట్జ్ దాటవు, రికార్డుల్లోని రీడింగులేమో పది మెగాహెర్ట్జ్ దాకా పట్టికల్లో వరుసగా ఉన్నాయి. సెమీలాగ్ షీటు మీద గీసిన వంపు చేతితో గీసినదే, దానికి ఆధారమైన అంకెలు మాత్రం కంప్యూటర్ తెర నుంచి దించుకున్నవి. విద్యార్థులను వైవాలో అడిగితే దాచుకోకుండా ఒప్పుకున్నారు. సర్క్యూట్ కట్టాం సార్, అవుట్‌పుట్ సరిగా రాలేదు, సిమ్యులేషన్‌లో వచ్చింది రాయమన్నారు అని చెప్పారు. సిమ్యులేషన్ అంటే సర్క్యూట్‌ను కట్టకుండా, అది ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడడం, ఆ పని చేసే సాఫ్ట్‌వేరే సిమ్యులేటర్. ఇది ఆ ఒక్క కళాశాలకే పరిమితమైన సంగతి కాదని ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు.

దీన్ని చూసి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వల్లే చదువు చెడిందనీ, వాటిని ల్యాబ్‌ల నుంచి తీసేయాలనీ వాదించే పెద్దలు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌ను అర్థం చేసుకోవడానికి మనకు దొరికిన సాధనాల్లో సిమ్యులేటర్‌కు సాటి వచ్చేది మరొకటి లేదు. దాన్ని ఏ ప్రశ్న అడగాలో నేర్పకుండా, అది ఇచ్చిన జవాబును బల్ల మీద వచ్చిన జవాబు స్థానంలో రాయించడమే తప్పు. ఈ తేడా వివరంగా చెప్పకపోతే విశ్వవిద్యాలయాల్లో సిలబస్‌లు రాసేవారికీ, పిల్లల్ని ఈ కోర్సుల్లో చేర్పించే తల్లిదండ్రులకూ సమస్య ఎక్కడుందో తెలియదు కాబట్టి, కొంచెం సాంకేతికంగా ఉన్నా పాఠకులు ఓపిక పట్టాలని కోరుతున్నాను.

ఈ సాఫ్ట్‌వేర్లలో అత్యధికానికి మూలం స్పైస్ అనే ప్రోగ్రామ్. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ అనే పరిశోధక విద్యార్థి దీన్ని తయారుచేశారు. 1973లో కెనడాలోని వాటర్లూలో జరిగిన ఒక సదస్సులో పెడర్సన్ దాన్ని లోకానికి పరిచయం చేశారు. రెండో రూపం 1975లో వచ్చింది. ఫోర్ట్రాన్‌లో రాసిన ఆ ప్రోగ్రామ్‌కు అప్పట్లో సర్క్యూట్‌ను పంచ్ కార్డుల కట్ట రూపంలో ఇచ్చేవారు. విశ్వవిద్యాలయం దాన్ని దాచుకోకుండా అడిగినవారందరికీ పంచింది కాబట్టే అది ప్రపంచమంతా పాకింది. 2011లో ఐ ట్రిపుల్ ఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ దీన్ని ఎలక్ట్రానిక్స్ చరిత్రలో ఒక మైలురాయిగా గుర్తించింది. ఇవాళ మన విద్యార్థులు వాడే పీస్పైస్, మల్టీసిమ్, ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ అన్నిటి గర్భంలో ఉన్నది ఆ బర్క్‌లీ వంశమే.

ఆ ప్రోగ్రామ్ అవసరం ఎందుకు వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అప్పటిదాకా ఇంజినీర్లు ఏ సర్క్యూట్‌నైనా ముందు బల్ల మీద విడి భాగాలతో కట్టి పరీక్షించేవారు. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు వచ్చాక ఆ పద్ధతి పనికిరాకుండా పోయింది. చిప్ లోపల ఉండే సూక్ష్మమైన కెపాసిటెన్సులకన్నా బల్ల మీది తీగల కెపాసిటెన్సే ఎన్నో రెట్లు ఎక్కువ, అలాంటప్పుడు బల్ల మీద కట్టింది చిప్‌కు నమూనా ఎలా అవుతుంది? అందుకని సమీకరణాలతో కట్టి చూడడం మొదలుపెట్టారు. ట్రాన్సిస్టర్‌కు సమీకరణాల రూపం ఇచ్చిన గమ్మెల్, పూన్‌ల మోడల్ 1970లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చింది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఇవాళ చిప్ డిజైన్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు రోజంతా చేసేది ఈ పనే. కాబట్టి సిమ్యులేషన్ రాని ఎలక్ట్రానిక్స్ ఇంజినీరును తయారుచేస్తామనడం అర్థం లేని మాట.

ఇక అసలు సర్క్యూట్‌కు వస్తాను. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు ఉంటాయి. సప్లయి 12 వోల్టులు. బేస్ దగ్గర 47 కిలో ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లతో వోల్టేజి డివైడర్. కలెక్టర్‌లో 3.3 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌లో 1 కిలో ఓమ్, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్‌ల బైపాస్ కెపాసిటర్. ట్రాన్సిస్టర్ బీసీ 107 గానీ బీసీ 547 గానీ అనుకుందాం. బీటా (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 200 అనుకుని కాగితం మీద లెక్క వేస్తే కలెక్టర్ కరెంటు 1.39 మిల్లీ ఆంపియర్లు, కలెక్టర్ వోల్టేజి సుమారు 7.4 వోల్టులు, లోడ్ లేనప్పుడు గెయిన్ (ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ ఎన్ని రెట్లో చెప్పేది) 176 దగ్గర వస్తాయి. ఈ లెక్కకు పది నిమిషాలు చాలు. సిమ్యులేటర్ తెరిచే ముందు ఈ అంకెలు విద్యార్థి నోటుబుక్కులో ఉండాలి. లేకపోతే తెర మీద ఏది కనిపించినా నమ్మడం తప్ప అతనికి గత్యంతరం ఉండదు.

ఇప్పుడు అదే సర్క్యూట్‌ను సిమ్యులేటర్‌లో గీసి ఏసీ అనాలిసిస్ నడపమంటే, విద్యార్థులు సాధారణంగా ఇన్‌పుట్ దగ్గర ఒక వోల్టు అని ఇస్తారు, పుస్తకాల్లో అలాగే ఉంటుంది. అవుట్‌పుట్ 160 వోల్టుల పైచిలుకు చూపిస్తుంది. పన్నెండు వోల్టుల సప్లయి మీద నడిచే యాంప్లిఫయర్ నుంచి 160 వోల్టులు ఎలా వస్తాయి? నేను క్లాసులో ఈ ప్రశ్న వేసి ఊరుకుంటాను. జవాబు వాళ్లే వెతుక్కోవాలి. ఏసీ అనాలిసిస్ చేసే పని ఏమిటంటే, ముందు సర్క్యూట్ డీసీ స్థితిని న్యూటన్–రాఫ్సన్ పద్ధతిలో, ఒక ఊహతో మొదలుపెట్టి మళ్లీ మళ్లీ సరిదిద్దుకుంటూ కనుక్కుంటుంది. ఆ స్థితి దగ్గర ట్రాన్సిస్టర్ వక్రరేఖకు ఒక స్పర్శరేఖ గీసి, ఇక ఆ సరళరేఖే ట్రాన్సిస్టర్ అనుకుని మిగతా లెక్కంతా చేస్తుంది. సప్లయి ఎంతో, తరంగం తల ఎక్కడ తెగుతుందో (క్లిప్ అవుతుందో) ఆ సరళరేఖకు తెలియదు. దాని దృష్టిలో ఒక మైక్రోవోల్టు, ఒక వోల్టు రెండూ సమానమే, గెయిన్ 44 డెసిబెల్స్ అనేదే దాని జవాబు. ఈ సంగతి తెలిసిన విద్యార్థి ఏసీ అనాలిసిస్‌ను ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కు మాత్రమే వాడతాడు, వికృతి (తరంగం ఆకారం చెడడం) గురించి దాన్ని అడగడు.

వికృతి చూడాలంటే, వోల్టేజి కాలంతో పాటు ఎలా మారుతుందో లెక్కించే ట్రాన్సియెంట్ అనాలిసిస్ నడపాలి. మన ల్యాబ్‌లలో ఆనవాయితీగా ఇచ్చే ఇన్‌పుట్ 20 మిల్లీవోల్టులు, పీక్ టు పీక్. అది చాలా చిన్న సిగ్నల్ అని అందరి నమ్మకం. నిజానికి ట్రాన్సిస్టర్‌కు కొలమానం 26 మిల్లీవోల్టుల థర్మల్ వోల్టేజి. దాని ముందు 10 మిల్లీవోల్టుల పీక్ చిన్నదేమీ కాదు. ఎక్స్‌పోనెన్షియల్ శ్రేణిలో మొదటి రెండు పదాలు తీసుకుని లెక్కిస్తే రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు సిగ్నల్) దాదాపు పది శాతం దాకా వస్తుంది. కలెక్టర్ దగ్గర తరంగం పైకి 1.6 వోల్టులు లేస్తే కిందికి 1.9 వోల్టులు దిగుతుంది, పై శిఖరం గుండ్రంగా, కింది శిఖరం కొంచెం సూదిగా ఉంటుంది. సీఆర్‌ఓ (తరంగాన్ని చూపే ఆసిలోస్కోప్) తెర మీద ఈ తేడా కంటికి కనిపిస్తుంది, చూడమని చెప్పేవారుంటే. సిమ్యులేటర్‌లో ట్రాన్సియెంట్ నడిపి ఫోరియర్ అనాలిసిస్ తీస్తే ఆ పది శాతం అంకె రూపంలో ఎదుట నిలుస్తుంది. ఎమిటర్ బైపాస్ కెపాసిటర్ తీసేసి మళ్లీ నడిపితే గెయిన్ మూడుకు పడిపోతుంది, వికృతి దాదాపు మాయమవుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌కు ఎదురుగా తిప్పి పంపడం) గురించి ఒక పూర్తి యూనిట్ పాఠం చెప్పినా పట్టుబడని విషయం ఈ రెండు రన్‌లతో పట్టుబడుతుంది. సిమ్యులేటర్‌ను నేను వెనకేసుకొచ్చేది ఇలాంటి చోట్లే.

దాని అసలైన బలం మరొకటి ఉంది. ట్రాన్సిస్టర్ తయారీదారు బీటా ఇంత అని కచ్చితంగా చెప్పడు. బీసీ 107కు 110 నుంచి 450 దాకా ఎక్కడైనా ఉండవచ్చని డేటాషీటు చెబుతుంది. బల్ల మీద విద్యార్థికి ఒక ట్రాన్సిస్టర్ దొరుకుతుంది, దానితో ఒక రీడింగు వస్తుంది. సిమ్యులేటర్‌లో బీటాను 110 నుంచి 450 దాకా మార్చుకుంటూ పోవచ్చు. పైన చెప్పిన డివైడర్ సర్క్యూట్‌లో అలా మార్చితే కలెక్టర్ కరెంటు 1.34 మిల్లీ ఆంపియర్ల నుంచి 1.43 దాకా మాత్రమే జరుగుతుంది. డివైడర్, ఎమిటర్ రెసిస్టర్ తీసేసి బేస్‌కు ఒకే 1.63 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఫిక్స్‌డ్ బయాస్ చేస్తే, అదే మార్పుకు కరెంటు 0.77 నుంచి 3.1 మిల్లీ ఆంపియర్ల దాకా పరుగెత్తుతుంది. కలెక్టర్ వోల్టేజి తొమ్మిదిన్నర వోల్టుల నుంచి రెండు వోల్టుల లోపుకు పడిపోతుంది. సెల్ఫ్ బయాస్ (పై డివైడర్ పద్ధతి) ఎందుకు మేలు అన్న ప్రశ్నకు స్టెబిలిటీ ఫ్యాక్టర్ సూత్రాన్ని బట్టీపట్టి రాసే విద్యార్థుల్లో ఎందరు ఈ రెండు గ్రాఫులను పక్కపక్కన చూశారు? చిప్ డిజైన్ చేసేవారు తయారీలో వచ్చే ఎగుడుదిగుళ్లన్నిటి దగ్గరా తమ సర్క్యూట్‌ను నడిపి చూసేది ఈ ఉద్దేశంతోనే. రెండో ఏడాదిలోనే ఆ అలవాటు చేయగలిగిన సాధనం చేతిలో ఉండగా, దాన్ని రికార్డులో ఖాళీలు నింపడానికి వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ 1.63 మెగా ఓమ్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. స్పైస్ సంప్రదాయంలో విలువ పక్కన ఎమ్ అక్షరం రాస్తే, పెద్దదైనా చిన్నదైనా, మిల్లీ అనే అర్థం. మెగా కావాలంటే మెగ్ అని మూడక్షరాలూ రాయాలి. విద్యార్థి 1.63 పక్కన ఎమ్ పెట్టి ఊరుకుంటే అది 1.63 మిల్లీ ఓమ్‌లు అవుతుంది, అంటే బేస్‌ను నేరుగా 12 వోల్టులకు తగిలించినట్టే. బల్ల మీద అలా చేస్తే ట్రాన్సిస్టర్ క్షణంలో పోతుంది, వాసన కూడా వస్తుంది. సిమ్యులేటర్ అయితే కన్వర్జెన్స్ ఎర్రర్ (లెక్క తేలలేదు) అనో, లేదంటే నమ్మశక్యం కాని కరెంటును నాలుగు దశాంశ స్థానాలతోనో చూపించి ఊరుకుంటుంది. మామూలు స్పైస్ మోడల్‌లో ట్రాన్సిస్టర్ వేడెక్కదు, కాలదు. అర వాటు దాటితే తట్టుకోలేని బీసీ 547లో ఐదు వాట్లు ఖర్చవుతున్నా అది అభ్యంతరం చెప్పదు. ఉష్ణోగ్రతను కూడా మనం వేరుగా చెప్పకపోతే 27 డిగ్రీలుగానే తీసుకుంటుంది. మే నెలలో మన ల్యాబ్‌లు ఏ 27 డిగ్రీల్లో ఉంటాయో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ట్రాన్సిస్టర్ మోడల్ దగ్గర. విద్యార్థి తనకు కావలసిన బీసీ 107 లైబ్రరీలో దొరకకపోతే పేరులేని ఎన్‌పీఎన్ గుర్తును తెచ్చి పెట్టి సర్క్యూట్ నడిపేస్తాడు. ఆ పేరులేని ట్రాన్సిస్టర్‌కు స్పైస్ ఇచ్చే సహజ లక్షణాలు ఇలా ఉంటాయి: బీటా 100, ఎర్లీ వోల్టేజి (కలెక్టర్ వోల్టేజితో కరెంటు ఎంత మారుతుందో చెప్పేది) అనంతం, లోపలి కెపాసిటెన్సులన్నీ సున్నా. కెపాసిటెన్స్ సున్నా అయితే మిల్లర్ ఎఫెక్ట్ (గెయిన్ వల్ల లోపలి కెపాసిటెన్స్ ఎన్నో రెట్లు పెరిగినట్టు కనిపించడం) ఎక్కడిది, అప్పర్ కటాఫ్ ఎక్కడిది? గెయిన్ రేఖ గిగాహెర్ట్జ్‌ల దాకా బల్లపరుపుగా పోతుంది. అలాంటి గ్రాఫును నేను రికార్డులో చూశాను, దాని మీద సంతకం కూడా ఉంది. ఇంకో ఆనవాలు కూడా చెబుతాను. ఎగ్జామినర్లకు పనికొస్తుంది. బేస్–ఎమిటర్ వోల్టేజి 0.65 ప్రాంతంలో కాకుండా 0.78 వోల్టులుగా రాసి ఉంటే అది ఏ ట్రాన్సిస్టర్ మీదా కొలిచింది కాదు. డిఫాల్ట్ మోడల్‌లో సాచురేషన్ కరెంటు చాలా తక్కువగా పెట్టి ఉండడం వల్ల, ఈ సర్క్యూట్‌లో పారే కరెంటుకు ఆ అంకె వస్తుంది.

సరైన మోడల్ పెట్టినా బల్ల మీది జవాబు, తెర మీది జవాబు కలవవు. పాఠం మొదలయ్యేది ఇక్కడ, కానీ మన ల్యాబ్‌లలో పాఠం ముగిసేదీ ఇక్కడే. పై సర్క్యూట్‌కు సిమ్యులేటర్ అప్పర్ కటాఫ్‌ను మెగాహెర్ట్జ్ దాటి చూపిస్తుంది. బల్ల మీద కట్టి, ఒక చివర బీఎన్‌సీ, రెండో చివర క్రొకడైల్ క్లిప్పులు ఉన్న మామూలు కేబుల్‌తో సీఆర్‌ఓకు కలిపితే 400 కిలోహెర్ట్జ్ దగ్గరే గెయిన్ మూడు డెసిబెల్స్ తగ్గిపోతుంది. విద్యార్థి తాను తప్పు చేశాననుకుంటాడు. అతను తప్పేమీ చేయలేదు. మీటరు పొడవు కోయాక్సియల్ కేబుల్‌కు దాదాపు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది, సీఆర్‌ఓ ఇన్‌పుట్ మరో 20 కలుపుతుంది. కలెక్టర్‌లోని 3.3 కిలో ఓమ్‌లకూ ఈ 120 పికోఫారడ్‌లకూ లెక్క కడితే దాదాపు 400 కిలోహెర్ట్జ్ వస్తుంది. సిమ్యులేటర్‌లో అవుట్‌పుట్ దగ్గర 120 పికోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి అదనంగా గీసి మళ్లీ నడిపితే రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కేబుల్ మార్చి కెపాసిటెన్స్ భారం తగ్గించే టెన్ ఎక్స్ ప్రోబ్ పెడితే బల్ల మీది కటాఫ్ పైకి జరుగుతుంది. కొలిచే పరికరం కూడా సర్క్యూట్‌లో భాగమేనన్న సంగతి ఆ విద్యార్థికి ఇక జన్మలో మరపురాదు. ఇంతటి పాఠాన్ని, అవుట్‌పుట్ సరిగా రాలేదు, సిమ్యులేషన్ రాసుకోండి అన్న ఒక్క మాటతో మనం చేజేతులా పారబోస్తున్నాం.

కింది వైపు కటాఫ్ కూడా ఇలాంటిదే. బైపాస్ కెపాసిటర్ చూసేది ఎమిటర్‌లోని ఒక కిలో ఓమ్‌ను కాదు, ట్రాన్సిస్టర్ లోపలి 19 ఓమ్‌లను. అందువల్ల 100 మైక్రోఫారడ్‌లు పెట్టినా లోయర్ కటాఫ్ 84 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ఇరవై శాతం అటూఇటూ తేడా మామూలు కాబట్టి 70 వచ్చినా 105 వచ్చినా సరైన రీడింగే. బ్యాచ్ మొత్తానికి ఒకే అంకె రావడమే అసంభవం.

అనలాగ్ రంగంలో పేరెన్నికగన్న ఇంజినీరు, నేషనల్ సెమీకండక్టర్‌లో పనిచేసిన బాబ్ పీస్ జీవితాంతం స్పైస్ మీద విమర్శలు గుప్పించారు. ఆయన అన్నీ సబబే అన్నారని నేననుకోను, ముఖ్యంగా చిప్ డిజైన్ విషయంలో కాలం ఆయన పక్షాన నిలవలేదు. అయితే సర్క్యూట్ ఎలా నడుస్తుందో ముందుగా తన బుర్రలో అంచనా లేనివాడి చేతిలో సిమ్యులేటర్ ప్రమాదకరమన్న ఆయన ధోరణి మన రెండో ఏడాది ల్యాబ్‌లకు అక్షరాలా వర్తిస్తుంది.

కళాశాలల వైపు ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒక బల్ల దగ్గర ఐదారుగురు నిలబడతారు. కేబుళ్లలో సగం తెగి ఉంటాయి. ఆర్‌పీఎస్‌ (పవర్ సప్లయి)లో కరెంటు లిమిట్ నాబ్ ఎవరో తిప్పేసి ఉంటారు. ఎప్పటి నుంచో వాడుతున్న బ్రెడ్‌బోర్డుల్లో క్లిప్పులు వదులై, సర్క్యూట్ సరిగా కట్టినా పనిచేయదు. తనిఖీలకు వచ్చే బృందాలు నీటుగా ఉన్న రికార్డు చూస్తాయి తప్ప గజిబిజిగా కొట్టివేతలతో ఉన్న అబ్జర్వేషన్ పుస్తకాన్ని మెచ్చుకోవు. దీనికి తోడు 2020, 2021 సంవత్సరాల్లో కొవిడ్ వల్ల ల్యాబ్‌లు మూతపడినప్పుడు సిమ్యులేషన్ ఒక్కటే ప్రయోగమైంది. అప్పుడు అది తప్పనిసరి, మంచి పనే. తలుపులు తెరుచుకున్నాక కూడా ఆ అలవాటు కొన్ని చోట్ల పోలేదు. సరిగ్గా ఈ ఇబ్బందులు ఉన్నందువల్లే సిమ్యులేషన్‌ను ల్యాబ్ గంటల్లోంచి తీసి ల్యాబ్‌కు రాకముందు చేసే పనిగా మార్చాలంటాను. బల్ల దగ్గర దొరికే అరగంటలో ఏ వోల్టేజి ఎంత ఉండాలో ముందే తెలిసి వచ్చిన విద్యార్థి, మల్టీమీటర్ పెట్టిన మొదటి నిమిషంలోనే కలెక్టర్ దగ్గర 7.4కు బదులు 12 వోల్టులు ఉంటే ట్రాన్సిస్టర్ ఆన్ కాలేదని, ఎమిటర్ వోల్టేజికి దాదాపు సమానంగా ఉంటే సాచురేషన్‌లో (పూర్తిగా ఆన్ అయిన స్థితిలో) ఉందని పోల్చుకుని సరిచేసుకుంటాడు.

ఇంటి దగ్గర చేయాలంటే సాఫ్ట్‌వేర్ ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. ఖరీదైన ప్యాకేజీల అనధికార కాపీలు పెన్‌డ్రైవుల్లో చేతులు మారడం మన కళాశాలల్లో బహిరంగ రహస్యం. ఆ అవసరమే లేదు. ఎల్‌టీస్పైస్‌ను తయారీ సంస్థ అనలాగ్ డివైసెస్ ఉచితంగా ఇస్తుంది. ఎన్‌జీస్పైస్ ఓపెన్ సోర్స్. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టువారు ఎన్‌జీస్పైస్‌ను, సర్క్యూట్ గీసే కీక్యాడ్‌ను కలిపి ఈసిమ్ అనే ప్యాకేజీని మన దేశపు విద్యార్థుల కోసమే రూపొందించారు. విండోస్ మీదా, ఉబుంటు మీదా నడుస్తుంది. ఒక ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌ను విశ్లేషించడానికి కొత్త కంప్యూటర్ కూడా అక్కర్లేదు, ఇంట్లో మూలన పడ్డ పాత ల్యాప్‌టాప్ చాలు. ఇన్ని ఉచితంగా దొరుకుతుండగా కొన్ని ల్యాబ్ మాన్యువళ్లలో ఇప్పటికీ ఒక ఖరీదైన ప్యాకేజీ మెనూలను బొమ్మలతో సహా ముద్రించి, అదే వాడాలన్నట్టు రాయడం మానుకోవాలి.

సిలబస్‌లు నిర్ణయించే విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు నా వినతి ఒక్కటే. ప్రయోగాన్ని సిమ్యులేషన్‌లోనూ హార్డ్‌వేర్‌లోనూ చేయాలని ఇప్పటికే కొన్ని సిలబస్‌లలో ఉంది. ఆ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టాలని మాత్రం లేదు. రికార్డులో ప్రతి రాశికీ చేతి లెక్క, సిమ్యులేషన్, బల్ల మీది కొలత అని మూడు గడులు, నాలుగో గడిలో తేడాకు కారణం రాసేలా నమూనా మార్చాలి. మార్కుల్లో పెద్ద వాటా ఆ నాలుగో గడికి ఇవ్వాలి. అక్కడ కేబుల్ కెపాసిటెన్స్ అని ఒకరు, నా ట్రాన్సిస్టర్ బీటా 310 అని మరొకరు, కెపాసిటర్ పాతది అని ఇంకొకరు రాస్తారు. పక్కవాడిది చూసి రాయడానికి అక్కడ వీలు తక్కువ, ఎందుకంటే పక్కవాడి ట్రాన్సిస్టర్ వేరు. పరీక్ష రోజున డబ్బాలోంచి విద్యార్థి చేతికొచ్చిన ట్రాన్సిస్టర్‌ను మల్టీమీటర్‌తో కొలిపించి, ఆ బీటానే సిమ్యులేటర్‌లో పెట్టించి, ఆ తరవాతే సర్క్యూట్ కట్టించాలి. నేను మా ల్యాబ్‌లో ఇలా చేయిస్తున్నాను. అధ్యాపకుడికి పని పెరుగుతుంది, అబద్ధం చెప్పను. దిద్దడానికి ఒకే జవాబు ఉండదు కాబట్టి ప్రతి పుస్తకాన్నీ చదవాల్సిందే. ఒక బ్యాచ్‌కు ఇద్దరు అధ్యాపకులు ఉండాలన్న నిబంధనను కాగితం మీద కాక గదిలో అమలు చేస్తే ఇది అసాధ్యం కాదు.

అవుట్‌పుట్ రాని సర్క్యూట్‌కు కూడా మార్కులు ఇచ్చే వెసులుబాటు ఎగ్జామినర్లకు స్పష్టంగా రాతపూర్వకంగా ఉండాలి. బల్ల మీద సర్క్యూట్ పనిచేయకపోయినా, ఏ బిందువు దగ్గర ఎంత వోల్టేజి వచ్చిందో నిజాయితీగా రాసి, సిమ్యులేటర్‌లో అదే లోపాన్ని కావాలని సృష్టించి, అంటే ఎమిటర్ రెసిస్టర్‌ను తెంచో, బైపాస్ కెపాసిటర్‌ను షార్ట్ చేసో చూసి, తన సర్క్యూట్‌లో ఉన్న లోపం ఇదీ అని చెప్పగలిగిన విద్యార్థికి, అందమైన గ్రాఫు గీసినవాడికన్నా ఎక్కువ మార్కులు రావాలి. ఇప్పుడున్న మార్కుల పద్ధతిలో అవుట్‌పుట్ చూపించనివాడికి ఆ భాగం మార్కులు మొత్తంగా పోతాయి. తెర మీది అంకెలను సెమీలాగ్ షీటు మీదికి ఎక్కించమని పిల్లల్ని ఎగదోస్తున్నది ఆ నిబంధనే కాబట్టి, రాబోయే పరీక్షలలోపే దాన్ని సవరించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
ఏలూరు.